పాత ఇంజన్‌కు ఆటోమేటిక్ గేర్‌బాక్స్: కొడకండ్ల నుంచి చూస్తే

కారుతో పాటు వచ్చిన ఇంజన్ అరిగిపోయాక దాన్ని దించి, వేరే బండి నుంచి తీసిన వాడిన ఇంజన్ ఎక్కించడాన్ని మన షెడ్లలో ఇంజన్ మార్పిడి అంటారు. ఆ పని జరిగేటప్పుడే క్లచ్‌తో నడిచే గేర్‌బాక్స్‌ను కూడా తీసేసి, గేర్లు తానే మార్చుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బిగించవచ్చా అన్న ప్రశ్న చాలామందికి వస్తుంది. ఎడమ కాలికి పోలియో వచ్చినవారు, మోకాళ్లు అరిగి క్లచ్ తొక్కలేని పెద్దవారు, తండ్రి వాడిన బండిని అమ్మడానికి మనసొప్పని కొడుకులు దీన్ని ఎక్కువగా అడుగుతారు. పని సాధ్యమే. అయితే అది గేర్‌బాక్స్ కొనుగోలుతో మొదలు కాదు. ఆ ఇంజన్ ఎక్కడైనా, ఏ దేశంలోనైనా ఫ్యాక్టరీ నుంచే ఆటోమేటిక్‌తో వచ్చిందా అని వెతకడంతో మొదలవుతుంది. వచ్చి ఉంటే పని చేయదగినది. రాకపోతే ఖర్చు, కష్టం, నిరాశ మూడూ పెరుగుతాయి.

కొడకండ్ల జనగామ జిల్లాలో మండల కేంద్రం. చేనేత మగ్గాలకు పేరున్న ఊరు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. అందుకే ఈ ప్రాంతంలో ఇంకా తిరుగుతున్న పాత బండ్ల మీద ఏపీ 36 నంబర్లు కనిపిస్తాయి. జిల్లా విడిపోయాక జనగామకు టీఎస్ 27, 2024 మార్చి తర్వాత టీజీ 27 వచ్చాయి. ఇలాంటి మండలాల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి బిగించే ప్రత్యేక షెడ్డు ఉంటుందని ఆశించకూడదు. మామూలు ఇంజన్ పని, లేత్ పని దగ్గరి పట్టణాల్లో అవుతుంది. వాడిన సామాను కోసం వరంగల్, హైదరాబాద్, విజయవాడ వైపు చూడాల్సిందే. 1960ల్లో రూపు కట్టిన విజయవాడ జవహర్ ఆటోనగర్ లారీలకూ కార్లకూ విడిభాగాలు, రిపేర్లు, బాడీ కట్టడం అన్నీ ఒకేచోట దొరికే బస్తీగా తెలుగువారందరికీ తెలిసినదే.

ఇంజన్ మార్పిడి మనకు కొత్త కాదు

1949లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను విడిభాగాల నుంచి కూర్చి అమ్మడం మొదలుపెట్టింది. ఆ పెట్రోల్ జీపుల వారసులే దశాబ్దాల పాటు పల్లెల్లో ప్రభుత్వ బండ్లుగా, వేలంలో కొన్నాక షేర్ బండ్లుగా తిరిగాయి. పెట్రోల్ ఖర్చు భరించలేక యజమానులు వాటిలో డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. 1980ల్లో మహీంద్రా తానే పెజో లైసెన్స్‌తో 2,112 సీసీ ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజన్ తయారు చేయడంతో జీపుకు డీజిల్ అనేది సహజమైపోయింది. అంబాసడర్‌ది కూడా ఇదే దారి. 1958 నాటి తొలి అంబాసడర్లలో పక్క వాల్వుల 1,476 సీసీ ఇంజన్ ఉండేది. కొద్ది కాలానికే దాని స్థానంలో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి శ్రేణికి చెందిన 1,489 సీసీ ఇంజన్ వచ్చి, ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా అదే కొనసాగింది. 1990ల ఆరంభంలో ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 5 గేర్ల బాక్స్ చేరాయి. యజమానులు మాత్రం ఫ్యాక్టరీ కోసం ఆగలేదు. బజాజ్ టెంపో మెటడార్‌లోని మెర్సిడెస్ ఓఎం 616 డీజిల్ ఇంజన్‌ను, ఇసుజు డీజిల్‌ను దొరికినచోట దొరికినట్టు అంబాసడర్లలో ఎక్కించుకున్నారు. 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసడర్ తయారీ ఆగిపోయింది.

ఆ మార్పిళ్లకు ప్రధాన కారణం పెట్రోలు, డీజిల్ ధరల మధ్య ఉన్న తేడా. 2010 జూన్‌లో పెట్రోల్ ధర మీద, 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. తేడా తగ్గేసరికి ధర కోసం ఇంజన్ మార్చడంలో లాభం పోయింది. ఇప్పుడు ఇంజన్ మార్చే వాళ్లలో చాలామంది బండి మీద ప్రేమతో చేస్తున్నారు, లేదా శరీరం సహకరించక చేస్తున్నారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి అడిగేదీ వీళ్లే. వీళ్లు అడిగేది న్యాయమైన కోరిక. దానికి సూటిగా, నిజాయితీగా జవాబు చెప్పగలిగిన షెడ్లు తక్కువ.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పుట్టుక

దీని గుండెకాయ టార్క్ కన్వర్టర్. అంటే నూనె నిండిన మూసిన పళ్లెంలో ఎదురెదురుగా రెండు చక్రాలు, వాటి మధ్య నూనె దారి మళ్లించే, స్టేటర్ అనే మూడో చక్రం. ఇంజన్ ఒక చక్రాన్ని తిప్పితే, అది విసిరే నూనె రెండో చక్రాన్ని తిప్పుతుంది. ఇనుముకూ ఇనుముకూ నేరుగా పట్టు ఉండదు కాబట్టి బండి ఆగి ఉన్నా ఇంజన్ ఆగిపోదు. జర్మన్ ఇంజనీర్ హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం దీన్ని రూపొందించాడు. కార్లలో పూర్తి ఆటోమేటిక్ పెద్ద ఎత్తున అమ్ముడుపోవడం జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్‌తో మొదలైంది. అది 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారుతో బజారుకు వచ్చింది. అందులో 4 గేర్లు, మామూలు నూనె కప్లింగ్ ఉండేవి. టార్క్‌ను పెంచే కన్వర్టర్‌తో బ్యూక్ డైనాఫ్లో 1948లో వచ్చింది. తర్వాత షెవర్లే పవర్‌గ్లైడ్ 1950లో, టర్బో హైడ్రామాటిక్ 400 అనేది 1964లో, 350 అనేది 1969లో, ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 అనేది 1982లో వచ్చాయి.

అమెరికాలో ఈ మార్పిడి ఇంటింటి పని అయిపోవడానికి కారణం షెవర్లే. 1955లో వచ్చిన చిన్న వి8 ఇంజన్ వెనకవైపు బోల్టు రంధ్రాల అమరికను ఆ సంస్థ దశాబ్దాల పాటు మార్చలేదు. అందువల్ల 1960ల ఇంజన్‌కు 1980ల గేర్‌బాక్స్ రంధ్రాలు కలుస్తాయి. అయినా అక్కడ కూడా రంధ్రాలు కలిశాయన్న సంతోషంతో పని పాడు చేసుకున్నవాళ్లు ఎందరో. తొలి ఏళ్ల బ్లాకుల మీద సెల్ఫ్ మోటార్ బిగించే చోటు లేదు. 400 ఘనపు అంగుళాల ఇంజన్‌కు బయటి బ్యాలెన్స్ బరువు ఉంటుంది. 1986లో వెనక ఆయిల్ సీల్ మార్చినప్పుడు క్రాంక్ ఫ్లాంజి కొలత కూడా మారింది. ఒకే ఇంజన్ కుటుంబంలో ఇన్ని తేడాలుంటే, కుటుంబమే వేరైన రెండు భాగాల్ని కలిపేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో ఊహించవచ్చు.

మన బండ్లకు ఏ జోడీ ఉంది

అంబాసడర్‌కు మాతృక అయిన 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు ఇంగ్లండ్‌లో క్లచ్ పెడల్ లేని మాన్యుమాటిక్ ఏర్పాటు కూడా అమ్మారు. గేర్లు చేత్తోనే మార్చాలి, క్లచ్ మాత్రం తనంతట తాను పనిచేస్తుంది. బి శ్రేణి ఇంజన్‌కే పూర్తి ఆటోమేటిక్ కూడా వచ్చింది. 1967 నుంచి 1973 దాకా ఎంజీబీ స్పోర్ట్స్ కారును 1,798 సీసీ బి శ్రేణి ఇంజన్‌తో, 3 గేర్ల బోర్గ్ వార్నర్ 35 గేర్‌బాక్స్‌తో అమ్మారు. కాబట్టి పాత అంబాసడర్ ఇంజన్ ఉన్న బండికి వెతకవలసింది బోర్గ్ వార్నర్ 35. ఎంజీబీ ఇంజన్ 5 మెయిన్ బేరింగులది, మన 1,489 సీసీది 3 బేరింగులది. ఆ కారణంగా క్రాంక్ ఫ్లాంజి, వెనక ప్లేటు కొలిచి చూడకుండా సామాను తెప్పించకూడదు.

ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ కుటుంబం అమెరికాలో షెవర్లే లవ్ అనే చిన్న ట్రక్కులో వెళ్లింది. దానికి 1976 నుంచి 3 గేర్ల టర్బో హైడ్రామాటిక్ ఇచ్చారు. ఈ ఇంజన్ ఉన్న కాంటెస్సా కార్ల, తర్వాతి కాలపు అంబాసడర్ల యజమానులకు ఇది దారి చూపే విషయం. ప్రీమియర్ 118 ఎన్‌ఈలో ఉన్న నిస్సాన్ ఏ12 ఇంజన్ కుటుంబానికి డాట్సన్ 1200 కాలంలోనే 3 గేర్ల ఆటోమేటిక్ ఉంది. మెటడార్ ఇంజన్ సంగతి అన్నిటికంటే బలమైనది. ఆ ఓఎం 616 ఇంజనే మెర్సిడెస్ 240డీ కారులో 4 గేర్ల ఆటోమేటిక్‌తో ప్రపంచమంతా టాక్సీగా తిరిగింది. జీపులోనో అంబాసడర్‌లోనో ఎవరో ఎప్పుడో ఎక్కించిన మెటడార్ ఇంజన్ ఇప్పటికీ బాగుంటే, దానికి సహజమైన జోడీ ఉన్నట్టే.

మన దేశంలో దొరికే వాడిన ఆటోమేటిక్‌లు ఈ బండ్లకు ఎందుకు పనికిరావో ఇక్కడే చెప్పాలి. జెన్, ఎస్టీమ్, వ్యాగన్ ఆర్, సిటీ, శాంత్రో లాంటి కార్లలో ముందు చక్రాలు తిరుగుతాయి. వాటిలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో అడ్డంగా ఉంటాయి. ఇంజన్ నిలువుగా ఉండి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో వెనక చక్రాలు తిప్పే అంబాసడర్‌కూ జీపుకూ ఆ పెట్టె కుదరదు. వెనక చక్రాల బండ్లకు సరిపడే ఆటోమేటిక్‌లు మన రోడ్ల మీదికి ఖరీదైన కార్లలోనే వచ్చాయి. 2008లో మహీంద్రా స్కార్పియోకు 6 గేర్ల ఆటోమేటిక్ వచ్చాకే అవి కొంచెం అందుబాటులోకి వచ్చాయి. అయితే అవి చాలావరకు కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచేవి. ఆ కంప్యూటర్ తన ఇంజన్ కంప్యూటర్‌తో మాట్లాడలేకపోతే గేర్‌బాక్స్ భద్రత కోసం ఒకే గేరులో ఆగిపోతుంది. స్క్రాప్ షాపులో బాక్సు మాత్రమే చవగ్గా ఇస్తున్నారంటే వైరింగ్, కంట్రోల్ యూనిట్, మీట, నూనె చల్లార్చే పైపులు లేకుండా ఇస్తున్నారనే అర్థం. అలాంటి బాక్సును కొనకపోవడమే మంచిది.

కలిపే చోట జరిగే పని

షెడ్డులో ఎక్కువ తప్పులు జరిగేది ఇంజన్ వెనక భాగం, గేర్‌బాక్స్ ముఖం కలిసే ఆ నాలుగు అంగుళాల్లో. అందుకే ఇక్కడ కొంత ఆగి చూడాలి.

క్లచ్ ఉన్న ఇంజన్‌కు క్రాంక్ చివర బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. ఆటోమేటిక్‌కు దాన్ని తీసి, ఫ్లెక్స్ ప్లేట్ అనే పలచటి ఉక్కు రేకు పెట్టాలి. కన్వర్టర్ బరువే ఫ్లైవీల్ పని చేస్తుంది. రేకు కొద్దిగా వంగాలి, ఎందుకంటే వేడికి కన్వర్టర్ ఉబ్బుతుంది. సెల్ఫ్ మోటార్ పళ్లు కరిచే రింగు ఈ రేకు అంచునే ఉంటుంది కాబట్టి పళ్ల సంఖ్య, రింగు వ్యాసం పాత సెల్ఫ్‌తో కలవాలి. కలవకపోతే సెల్ఫ్ మార్చాలి. ఇంజన్ బ్యాలెన్స్‌లో ఫ్లైవీల్ పాత్ర ఉన్న బండ్లకు ఆ బరువు తేడాను కొత్త రేకు మీద సరిచేయించాలి. లేకపోతే వణుకు మొదలై, రేకు కొద్ది నెలల్లో మధ్యలోంచి పగులుతుంది.

క్రాంక్ చివరి రంధ్రంలో, మాన్యువల్ గేర్‌బాక్స్ షాఫ్ట్ కొస నిలబడే పైలట్ బుష్ ఉంటుంది. ఆటోమేటిక్ బిగించే ముందు దాన్ని పీకేయాలి. ఆ స్థానంలో కన్వర్టర్ ముక్కు కూర్చుంటుంది. రంధ్రం పెద్దదైతే లేత్ మీద స్లీవ్ చేయించాలి. ముక్కు వదులుగా ఉంటే కన్వర్టర్ ఏక కేంద్రంగా తిరగదు. ముందు సీల్ నుంచి నూనె కారడం దానికి తొలి గుర్తు.

అడాప్టర్ ప్లేట్ చేయించేవారు బోల్టు రంధ్రాలు కలిశాయా అని చూసి ఊరుకుంటారు. అసలు చూడాల్సింది బెల్ హౌసింగ్ కేంద్రం, క్రాంక్ కేంద్రం ఒకే గీత మీద ఉన్నాయా అని. క్రాంక్‌కు డయల్ గేజ్ బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, హౌసింగ్ లోపలి అంచు మీద ముల్లు ఎంత కదిలిందో చదవాలి. 0.13 మిల్లీమీటర్ల లోపల ఉండటం మంచి లెక్క. మన పట్టణాల్లో బోరింగ్ చేసే పెద్ద లేత్ షాపుల్లో ఈ గేజ్ ఉంటుంది. షెడ్డులో కంటిచూపుతో పెట్టిన డోవెల్ పిన్నులను నమ్మి ఇంజన్ ఎక్కించకూడదు.

తర్వాత కన్వర్టర్ కూర్చోబెట్టడం. ముందుగా దానిలో లీటరు దాకా నూనె పోసి, గేర్‌బాక్స్‌ను ముఖం పైకి నిలబెట్టి, కన్వర్టర్‌ను అటూ ఇటూ తిప్పుతూ కిందికి దించుతారు. అది మూడు మెట్లుగా దిగాలి. ఒకటి షాఫ్ట్ పళ్లకు, రెండోది స్టేటర్ పళ్లకు, మూడోది నూనె పంపు గాడికి. ప్రతి మెట్టుకూ చేతికి టక్కుమని తెలుస్తుంది. మూడోది తగలకముందే బోల్టులు బిగించి లాగితే, ఇంజన్ మొదటిసారి తిరగగానే పంపు పగిలిపోతుంది. బెల్ హౌసింగ్ ఇంజన్‌కు పూర్తిగా చేరాక కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి, ఫ్లెక్స్ ప్లేట్ వైపు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. రాకపోతే ఒత్తిడి పంపు మీద పడుతోంది. అంతకంటే ఎక్కువ వస్తే వాషర్లతో దూరం సరిచేయాలి. ఈ ఒక్క కొలతను అడిగి, దగ్గరుండి చూసుకున్న యజమానికి సగం భయం తీరినట్టే.

గేర్లు ఎప్పుడు మారాలో ఎవరు చెప్పాలి

పాత ఆటోమేటిక్‌లకు రెండు విషయాలు తెలియాలి. బండి ఎంత వేగంగా పోతోంది, కాలు ఎంత తొక్కింది. మొదటిది గేర్‌బాక్స్ వెనక ఉన్న గవర్నర్ చెబుతుంది. రెండోదాన్ని కొన్ని బాక్సులు కేబుల్‌తో, కొన్ని ఇంజన్ పీల్చే గాలి వ్యాక్యూమ్‌తో తెలుసుకుంటాయి. ఇక్కడే డీజిల్ ఇంజన్‌తో చిక్కు వస్తుంది. పెట్రోల్ ఇంజన్‌లో కాలు తీసేస్తే వ్యాక్యూమ్ పెరుగుతుంది, తొక్కితే తగ్గుతుంది. చాలా డీజిల్‌లకు గాలి దారి మూసే తలుపు ఉండదు కాబట్టి ఆ వ్యాక్యూమే పుట్టదు. బ్రేకుల కోసం ఆల్టర్నేటర్ వెనక ఉండే పంపు నుంచి పైపు లాగి, గేర్‌బాక్స్ మీద వ్యాక్యూమ్‌ను గ్రహించే మాడ్యులేటర్‌కు పెట్టేస్తే గేర్‌బాక్స్‌కు ఎప్పుడూ నిండు వ్యాక్యూమే కనిపిస్తుంది. కాలు తేలిగ్గా ఉందనుకుని నూనె ఒత్తిడి తగ్గించేస్తుంది. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు లోపలి క్లచ్ పళ్లేలు జారి కాలిపోతాయి. మెర్సిడెస్ 240డీలో ఇంజెక్షన్ పంపు మీట దగ్గరే వ్యాక్యూమ్‌ను కాలి తొక్కుడుకు తగ్గట్టు వదిలే చిన్న వాల్వు పెట్టింది ఇందుకే. మెటడార్ ఇంజన్‌కు ఈ గేర్‌బాక్స్ పెట్టేవారు ఆ వాల్వును కూడా వెతికి తెచ్చుకోవాలి.

కేబుల్ బాక్సులదీ ఇదే కథ. బోర్గ్ వార్నర్ 35లోనూ, 700ఆర్4లోనూ కార్బ్యురేటర్ మీట ఎంత కదిలితే కేబుల్ ఎంత లాగాలన్నది కచ్చితమైన కొలత. వేరే కార్బ్యురేటర్ పెట్టి, మీట పొడవు మారిందని పట్టించుకోకపోతే ఒత్తిడి తక్కువై బాక్సు కొత్తదైనా కొద్ది రోజుల్లో పోతుంది.

కన్వర్టర్ ఎంపిక కూడా ఇంజన్ బలాన్ని బట్టి ఉంటుంది. పెద్ద ఇంజన్ కోసం చేసిన కన్వర్టర్‌ను చిన్న ఇంజన్‌కు పెడితే బండి ఆగినచోట ఇంజన్ గుంజుతుంది, ఎత్తులో కదలదు. 1,489 సీసీ ఇంజన్‌కు పెద్ద అమెరికన్ బాక్సు పెట్టడం అందుకే మంచిది కాదు. బాక్సు లోపలి పంపు తిరగడానికే ఆ ఇంజన్ శక్తిలో చెప్పుకోదగ్గ భాగం పోతుంది.

ఎండ, బ్రేకులు, వెనక షాఫ్ట్

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు శత్రువు వేడి. కన్వర్టర్‌లో జారే ప్రతి చుట్టూ నూనెను వేడి చేస్తుంది. నూనె 80 డిగ్రీల దగ్గర ఉంటే చాలా కాలం మన్నుతుంది, ఆపైన ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఈ పనివాళ్లు వాడే మోటు లెక్క. మే నెలలో 42 డిగ్రీలు దాటే జనగామ ప్రాంతంలో, కల్లాల మధ్య ట్రాక్టర్ వెనక నెమ్మదిగా పోయే బండికి రేడియేటర్ అడుగున ఉండే కూలర్ ఒక్కటే చాలదు. ముందు గ్రిల్ వెనక గాలి తగిలే విడి కూలర్ పెట్టాలి. నూనె రంగు ఎర్రగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే అప్పటికే ఆలస్యమైంది.

అంబాసడర్‌కు కొత్త బాక్సు పొడవును బట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి వెల్డింగ్ చేయించి, బ్యాలెన్స్ చేయించాలి. జారే యోక్ పూర్తిగా లోపలికి పోయాక 20 నుంచి 25 మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఉండేలా కొలత తీసుకోవాలి. ముందు, వెనక క్రాసుల కోణాలు సమానంగా లేకపోతే వేగం పెరిగే కొద్దీ మోత వస్తుంది. జీపుకు పని ఇంకా పెద్దది. 4 చక్రాలు తిప్పే ట్రాన్స్‌ఫర్ కేస్ పాత గేర్‌బాక్స్ వెనకే బిగించి ఉంటుంది, విల్లీస్ వంశపు జీపుల చేతి బ్రేకు డ్రమ్ము కూడా దాని వెనకే. బాక్సు మారితే ఈ రెండింటికీ కొత్త జాగా చూడాలి.

బ్రేకుల మాట చాలామంది మరిచిపోతారు. ఆటోమేటిక్ బండి గేరులో ఉంటే బ్రేకు మీంచి కాలు తీయగానే తనంతట తాను కదులుతుంది. ఇంజన్ బ్రేక్ కూడా మాన్యువల్ కంటే తక్కువ. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పాత బండికి బూస్టర్, ముందు డిస్కులు లేకుండా ఆటోమేటిక్ ఇవ్వడం ప్రమాదం. గేరులో ఉండగా సెల్ఫ్ తిరగకుండా ఆపే స్విచ్ తప్పక పని చేయాలి. వైరింగ్ తెలియక ఆ స్విచ్‌ను నేరుగా కలిపేసిన బండి ఎదుట పిల్లలు నిలబడి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

పల్లెలో ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాటరీ దిగితే ఇలాంటి బండిని తోసి స్టార్ట్ చేయలేం. చెడిపోతే ట్రాక్టర్‌కు తాడు కట్టి కొడకండ్ల నుంచి జనగామ లాక్కుపోవడం అలవాటైన పద్ధతే, కానీ నూనె పంపును ఇంజనే తిప్పుతుంది కాబట్టి ఆగిన ఇంజన్‌తో వెనక చక్రాలు తిరుగుతుంటే లోపల తడి లేక గేర్లు మాడతాయి. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి, లేదా వెనక చక్రాలు పైకి ఎత్తి లాగాలి.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రవాణా అధికారి అనుమతి లేకుండా ఇంజన్ మార్చడమూ ఆ కోవలోదే. మార్పు జరిగితే 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో రాయించుకోవాలి, ఫైనాన్స్ ఉన్న బండికి ఆ సంస్థ సమ్మతి కావాలి. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో, తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక రూపాన్ని రాష్ట్ర నియమాలతో మార్చే వీలు లేదని చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని మార్పులకు యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలు వచ్చింది. అదే సవరణ వికలాంగుల కోసం మార్చుకున్న బండిని చట్టంలో విడిగా గుర్తించి, నిర్దేశించిన షరతులకు లోబడి మార్పు చేసుకుని తర్వాత అధికారి ఆమోదం పొందే దారి తెరిచింది. ఎడమ కాలు సహకరించనివారికి ఇది నిజమైన ఆసరా.

సొంత కార్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పునరుద్ధరణ. పునరుద్ధరణకు బండి తీసుకెళ్లినప్పుడు మన ఊళ్లలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీతో సరిచూస్తారు. కాగితంలో లేని ఇంజన్ అక్కడ పట్టుబడుతుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర కూడా అదే ఇబ్బంది. స్క్రాప్ నుంచి ఇంజన్ కొనేటప్పుడు బిల్లు, పాత బండి ఆర్సీ నకలు, రద్దు పత్రం తీసుకోకపోతే దొంగ ఇంజన్ అన్న అనుమానం కూడా వెంటాడుతుంది.

ఎవరు చేయించాలి

మన కోసం వేరే దారి కూడా ఉంది. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియోతో క్లచ్ పెడల్ లేని చవక కార్లు వచ్చాయి. వాటిలో ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. ఎడమ కాలి కోసమే అడిగేవారికి అలాంటి వాడిన కారు ఏ ఇంజన్ మార్పిడి కంటే తక్కువ తలనొప్పి. ఉన్న బండినే ఉంచుకోవాలనుకుంటే క్లచ్‌ను మాత్రమే తానే నొక్కే పరికరం పెట్టించుకోవడం రెండో దారి. అందులో ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ పాతవే మిగులుతాయి.

మిగిలేది బండి మీద ప్రేమ ఉన్నవారు. మెటడార్ ఇంజన్‌తో మెర్సిడెస్ ఆటోమేటిక్, బి శ్రేణి ఇంజన్‌తో బోర్గ్ వార్నర్ 35, ఇసుజు 1.8తో దాని కుటుంబపు 3 గేర్ల బాక్సు, నిస్సాన్ ఏ12తో డాట్సన్ బాక్సు. ఈ నాలుగు జోడీల్లో ఒకటి ఉండి, గేర్‌బాక్స్, కన్వర్టర్, ఫ్లెక్స్ ప్లేట్, కేబుల్ లేదా వాల్వు, మీట అన్నీ ఒకే బండి నుంచి ఒకే సెట్టుగా దొరికితే పని నిలబడుతుంది. ఈ జోడీల్లో ఏదీ లేని ప్రీమియర్ పద్మిని కారుకూ, పెజో ఇంజన్ జీపుకూ మంచి మాన్యువల్ గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ చేయించుకోవడమే సరైనది.

ఈ పనికి దిగేవారు సామానుకు బయానా ఇవ్వకముందే ఆర్సీ, కొనబోయే ఇంజన్ కాగితాలు పట్టుకుని తమ జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్లి, ఏ మార్పు చేయబోతున్నారో రాసిచ్చి, అనుమతి కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. బండి షెడ్డులోకి వెళ్లడం ఆ తర్వాతే.